ఎర్రతోక జెల్లకు ఇంగువ గారె

ఆ రోజుల్లో ఐర్లాండ్‌లో "ఎలా ఉన్నారు?" అని ఎవరైనా అడిగితే మా తెలుగువాళ్ళం "ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాం" అని జవాబు చెప్పుకునేవాళ్ళం. ఆరోగ్యం, పిల్లలు, వాన, అన్నీ ఆ తరువాతే. రెసెషన్ అనే మాట వార్తల్లోంచి దిగివచ్చి, మా ఇళ్ళలో పిలవని చుట్టంలా తిష్ఠ వేసుకుంది. కష్టకాలంలో మనిషిని ఆదుకునేది తెలిసిన విద్యేనని పెద్దలంటారు. పెద్దలంటే నాకు గౌరవమే గాని, నా విషయంలో మాత్రం వాళ్ళ మాట తలకిందులైంది. నన్ను ఆదుకున్నది నాకు బొత్తిగా తెలియని విద్య. ఇప్పటికీ ఏ పని చేసుకుంటున్నా ఆ వారం గుర్తొస్తే నాలో నేనే నవ్వుకుంటాను. మా ఆవిడ తలెత్తకుండానే "మళ్ళీ ఆ చేపేనా?" అంటుంది.

అప్పుడు నేను ములింగార్‌లో, గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుని. ఇంజనీరనగానే ఏదో ఊహించుకోకండి. యంత్రం నిన్న చేసినట్టే ఇవాళా చేస్తోందని కొలిచి చూసి, రేపు కూడా చేస్తుందని పూచీపడటం నా పని. పెళ్ళయి ఏడాది కాలేదు. మా ఆవిడ వచ్చి, చలికోటు గుండీలు పెట్టుకోవడం అలవాటు చేసుకుంటున్న రోజులు. నా వర్క్ పర్మిట్ ఆ కంపెనీతో ముడిపడి ఉంది కాబట్టి అక్కడ ఉద్యోగం పోతే దాంతోపాటు దేశమూ పోతుంది. సరిగ్గా అప్పుడే, ఆర్డర్లు లేక మా లైను ఆ శుక్రవారంతో మూసేస్తున్నామని చెప్పారు. కొందరిని పక్క లైనుకి మారుస్తారట, కొందరిని ఇంటికి పంపుతారట. ఎవరెటు అన్నది శుక్రవారం దాకా బయటపెట్టరట. ఆ వారం మేమందరం ఒకరి ముఖాలు ఒకరు చూసుకోకుండా పనిచేశాం.

మా సూపర్‌వైజరు యాభై దాటిన మనిషి, పొడుగరి, ఎప్పుడూ ఎండకు కమిలినట్టుండే ఎర్రటి ముఖం (ఆ ఊళ్ళో ఎండెక్కడిదో నాకిప్పటికీ తెలియదు). వాన పడినా ఆయనకు గ్రాండే, పడకపోయినా గ్రాండే (బాగుందనడానికి అక్కడ వాడే మాట అది). యంత్రం నట్టనడుమ ఆగిపోయినా "అంతా గ్రాండ్ అయిపోతుంది" అనేవారు. అందుకని మా ఇంట్లో ఆయనకి గ్రాండ్ మామయ్య అని పేరు పెట్టుకున్నాం. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలిసినా గ్రాండ్ అనే అనుండేవారు.

ఫ్యాక్టరీ వెనక చిన్న చెరువు ఉండేది. చెరువంటే మన చెరువు కాదు, నల్ల రబ్బరు పరిచిన గొయ్యి. యంత్రాలను చల్లబరిచిన నీళ్ళు వెచ్చగా వచ్చి అందులో పడి, చల్లారాక మళ్ళీ లోపలికి వెళ్ళేవి. చలికాలం ఉదయాల్లో దాని మీద ఆవిరి లేస్తుంటే, స్నానానికి నీళ్ళు కాగినట్టే అనిపించి నాకు ప్రాణం లేచివచ్చేది. ఆ సోమవారం పొద్దున్నే సెక్యూరిటీ ఆయన పరుగెత్తుకొచ్చి, చెరువులో ఏదో ఉంది, దానికి మీసాలు కూడా ఉన్నాయి అన్నారు. టీ వేళకి అది మొసలైంది. భోజనాల వేళకి, అటువైపు వెళ్ళనివాళ్ళు కూడా దాని కోరలు వర్ణిస్తున్నారు. నేనూ వెళ్ళి చూశాను. మూడడుగులకు తక్కువుండదు. నల్లటి వీపు, పక్కలకి తెల్లటి పట్టీ, చివర మందారం రంగులో తోక, బకెట్టు మూతంత నోరు, చుట్టూ పొడుగాటి మీసాలు. అది ఒకసారి పైకొచ్చి, మా వైపు చూసి, మా గురించి పెద్దగా అభిప్రాయమేమీ ఏర్పరచుకోకుండా మునిగిపోయింది.

ప్లాంటు పెద్దాయన, అంటే మా అందరి మీదా అధికారి, గట్టు మీద నిలబడి తేల్చేశారు. శుక్రవారం యంత్రాలు ఆగిపోతాయి, చెరువు తోడేస్తారు, ఈలోగా ఆ జంతువు బయటికి రావాలి. ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకాయన ఉండేవారు. సెలవు దొరికితే చాలు ఎన్నెల్ సరస్సు మీద పడవలో కూర్చుని పైక్ అనే కోరల చేపల్ని లాగేవారు. ఆయన్ని నేను పైక్ మాస్టారు అని పిలుచుకునేవాణ్ణి. ఆయన చేతులు రుద్దుకుంటూ ముందుకొచ్చి, "నాకొదిలేయండి. ఒక కొక్కెం, ఒక దుడ్డుకర్ర. టీ చల్లారేలోగా అయిపోతుంది" అన్నారు. అందరూ తలలూపారు. అప్పుడు నా భుజం మీద బరువుగా ఒక చెయ్యి పడింది. "అక్కర్లేదు. మనకి సొంత నిపుణుడే ఉన్నాడు. ఇండియాలో చేపలన్నీ పుట్టేది ఈ కుర్రాడి ఊళ్ళోనే" అన్నారు గ్రాండ్ మామయ్య. (ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. ఆయన యాసలో నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం తెలుగులో నింపుకునేవాణ్ణి.)

చిక్కేమిటంటే అందులో అబద్ధం లేదు. మాది కైకలూరు పక్క. కొల్లేటి గాలి పీల్చి పెరిగినవాణ్ణి. ఎటు చూసినా చేపల చెరువులే, ఏ లారీ ఎదురొచ్చినా ఐసుపెట్టెలే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన మా ఊరి గురించి అడిగితే ఇదంతా గొప్పగా చెప్పింది నేనే. కానీ మా నాన్నగారు బడిలో తెలుగు పంతులు. ఇంట్లో ఉల్లిపాయకు కూడా ఏకాదశినాడు ప్రవేశం లేదు. చేపల లారీ మా వీధిలోంచి వెళ్తుంటే మా బామ్మ కిటికీలు మూయించి సాంబ్రాణి వేయించేది. ఊరంతా చేపల మీద బతుకుతుంటే మేం చేపల వాసన తప్పించుకుంటూ బతికాం. తినడం మాట దేవుడెరుగు, చేపను వేలితో తాకి కూడా ఎరగను. "యాక్చువల్లీ..." అని మొదలుపెట్టాను. పెద్దాయన నా వైపు తిరిగి "శుక్రవారంలోగా అవుతుందా?" అన్నారు. మనుషుల్ని తీసేస్తున్న వారంలో పై అధికారి "అవుతుందా?" అంటే కాదనేంత మొనగాణ్ణి కాను. నీళ్ళు నమిలాను. గ్రాండ్ మామయ్య "గ్రాండ్" అనేసి సభ ముగించారు.

ఇంటికెళ్ళి, చేప దొరికితే ఉద్యోగం, దొరక్కపోతే కైకలూరు అని మా ఆవిడకి చెప్పాను. నాకు అప్పుడు నిజంగానే అలా అనిపించింది. ఆవిడ "మీరు చేప పట్టడమేంటండీ? పప్పులో పురుగు కనబడితే నన్ను కేకేస్తారు" అంది. నిజమే. అందుకని భీమవరం రాజుగారికి ఫోన్ చేశాను. రాజుగారంటే కాలేజీలో నా గదిలో ఉన్నవాడు, ఇప్పుడు చేపల చెరువుల ఆసామి.

"ఏరా పంతులూ, నువ్వు చేప గురించి ఫోన్ చేశావా! ఉండు, మా ఆవిణ్ణి కూడా పిలుస్తా, రేపు నేను చెప్తే నమ్మదు. ఊఁ, ఇప్పుడు చెప్పు. మీసాలున్నాయా?"

"ఉన్నాయి."

"పొలుసు?"

"ఉన్నట్టు లేదురా."

"నోరు పెద్దదేనా?"

"నా తల పట్టేంత ఉంది."

"ఇంకేంట్రా, వాలుగ! కళ్ళు మూసుకుని చెప్తా."

"తోక ఎర్రగా ఉందిరా."

రాజుగారు ఒక్క క్షణం ఆగాడు. తనకు తెలియదని చెప్పడం వాళ్ళ వంశంలో లేదు. "చలికిరా. అక్కడ తెల్లోళ్ళ ముక్కులు ఎర్రబడవా? ఇదీ అంతే. పట్టాక ముక్కలు కొంచెం పెద్దవే కొట్టించు, పులుసులో చితికిపోతాయి" అని పెట్టేశాడు.

మర్నాడు నేను గ్రాండ్ మామయ్యని గట్టు మీదికి తీసుకెళ్ళి, వెనక చేతులు కట్టుకుని, "దీన్ని మా ప్రాంతంలో వాలుగ అంటాం" అని ప్రకటించాను. ఆయన ఎంతో భక్తిగా "వాలుగ" అని పలికి చూశారు. "వాటికి తోక ఎర్రగా ఉంటుందా?" అని అడిగారు. "చలికి" అన్నాను. ఆయన చెరువు వైపు తిరిగి చాలాసేపు దగ్గారు. పాపం జలుబు చేసినట్టుంది, మిరియాల కషాయం పంపించాలి అనుకున్నాను.

రాజుగారి శాస్త్రం మీద మా ఆవిడకి నమ్మకం కుదరలేదు. ఊళ్ళో లైబ్రరీకి వెళ్ళి, జంతువుల పుస్తకాలన్నీ ముందేసుకుని, సాయంత్రానికి ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. "ఇదిగోండి మీ వాలుగ. వీపు నలుపు, పక్కన తెలుపు, తోక ఎరుపు. దీనిది మన ఊరూ కాదు, ఈ ఊరూ కాదు. దక్షిణ అమెరికా, అమెజాన్ నది. మన జెల్లలకి దూరపు చుట్టం. వేలెడంత ఉన్నప్పుడు ముచ్చటపడి ఇళ్ళల్లో గాజుతొట్టిలో పెంచుతారట, అదేమో పెరిగి పెరిగి తొట్టి చాలకుండా పోతుందట. ఎవరో తెచ్చి మీ చెరువులో వదిలేసుంటారు." పేజీ తిప్పి, గొంతు తగ్గించి, "వెచ్చటి నీళ్ళు లేకపోతే బతకదటండీ" అంది.

శుక్రవారం యంత్రాలు ఆగితే వెచ్చటి నీళ్ళూ ఆగిపోతాయి. అప్పటిదాకా నా ఉద్యోగం గొడవలో పడి, దాని ప్రాణం సంగతి నాకు తట్టనేలేదు. నాకూ దానికీ గడువు ఒకటే. అదీ ఎక్కడినుంచో వచ్చి, ఆ ఫ్యాక్టరీ ఇచ్చే వెచ్చదనం మీదే బతుకుతోంది. ఇంత దగ్గరి బంధుత్వం బయటపడ్డాక దాన్ని దుడ్డుకర్రకి అప్పగించడం నా వల్ల కాదనిపించింది. "ఇంకోటి విన్నారా," అంది మా ఆవిడ, "వరదలప్పుడు చెట్ల మీంచి రాలిన పళ్ళు కూడా తింటుందట." "అంటే శాకాహారా?" అన్నాను ఆశగా. "ఏకాదశినాడు అయుంటుంది" అంది.

బుధవారం పైక్ మాస్టారు దయతలచి నాకొక డబ్బా నిండా వానపాములు తెచ్చిచ్చారు. మూత తియ్యకుండానే తీసుకెళ్ళి గడ్డిలో పెట్టి, ఎవరూ చూడకుండా కాలితో మూత తన్ని, వాటికి స్వేచ్ఛ ప్రసాదించాను. అరటిపండు ఒలిచి దారానికి కట్టి నీళ్ళలోకి వదిలాను. చేప దాని కింద నుంచి రెండుసార్లు వెళ్ళింది గాని నోరు తెరవలేదు. కొక్కెం పెట్టలేదు, గుచ్చడం నా వల్ల కాదు. కొక్కెం లేని గాలంతో చేపకు పండు చూపించిన మనిషి చేపల చరిత్రలో నేనొక్కడినే అయుంటాను. క్యాంటీన్ కిటికీల నిండా ముఖాలే. ఉద్యోగాలు పోతాయని బిగుసుకుపోయిన మనుషులు ఆ వారంలో మొదటిసారి నవ్వారు. అందుకు కారణం నేనేనని అప్పుడు సిగ్గేసింది, ఇప్పుడు మాత్రం సంతోషంగా ఉంది.

"అది మీసాలతో వాసన పట్టి తింటుందటండీ. వాసన కావాలంటే మనింట్లో కొదవా?" అని మా ఆవిడ వంటింటి ప్రెస్సు తెరిచింది. (అక్కడ అలమరని ప్రెస్సంటారు.) మినప్పప్పు నానబోసి, రుబ్బి, చేతికందినంత ఇంగువ దంచి పోసి గారెలు వేసింది. గురువారం ఆ గారె దారానికి కట్టి నీళ్ళమీద ఉంచానో లేదో, చెరువు మూలనుంచి మీసాలు బయల్దేరాయి. నెమ్మదిగా వచ్చింది, వాసన చూసింది, మర్యాదగా దారంలోంచి గారెను ఊడదీసుకుని వెళ్ళిపోయింది. ఇంకోటి కట్టాను, అదీ అంతే. డబ్బా ఖాళీ అయింది. "నువ్వు చేపను పడుతున్నావా, దానికి పెళ్ళి భోజనం పెడుతున్నావా?" అన్నారు పైక్ మాస్టారు. పెద్దాయన నవ్వలేదు. "రేపు తొమ్మిదింటిదాకా చూస్తాను. తరువాత పని ఆయనది" అని పైక్ మాస్టారిని చూపించారు.

శుక్రవారం తెల్లవారుతూనే వెళ్ళాను. నా వెనకే మా ఆవిడ, వేడి గారెల డబ్బాతో. (గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకి రెండు సమర్పించి లోపలికొచ్చింది.) అప్పటికే గ్రాండ్ మామయ్య గట్టున ఉన్నారు. ఛాతీదాకా వచ్చే రబ్బరు తొడుగులు రెండు, ఉయ్యాలలాంటి మెత్తటి కాన్వాస్ గుడ్డ, వ్యానులో పెద్ద నీలం పీపా, దాని నిండా గోరువెచ్చటి నీళ్ళు, అందులో వేలాడుతూ ఒక థర్మామీటరు. చేపల గురించి తెలియని మనిషి ఇంత ఏర్పాటు ఎలా చేశారని నాకు అనుమానం రావాలి. రాలేదు. నాకిచ్చిన తొడుగు కూడా ఆయన కొలతదే, అందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గారె పట్టుకుని, నడుంలోతు నీళ్ళలోకి దిగాను. నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి.

గ్రాండ్ మామయ్య గట్టు రాయి మీద వేలితో టకటకా కొట్టారు. ఎందుకు కొడుతున్నారని నేను అడిగేలోపే చేప వచ్చేసింది. చూపులేని ముసలావిడ చెయ్యి తడిమి మనిషిని పోల్చుకున్నట్టు, మీసాలతో నా చేతిని తడిమింది. జన్మలో మొదటిసారి ఒక చేప నన్ను తాకింది. అసహ్యం వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. నా చేతిలోంచి గారె తీసుకుంది. ఆయన కూడా నీళ్ళలోకి దిగి, గుడ్డ దాని కిందికి జార్చి, "ఎత్తు!" అన్నారు. ఎత్తాను. అది గొంతులోంచి గుర్రుమని ఒక అరుపు అరిచి తోక విసిరింది. నేను వెల్లకిలా పడ్డాను. తొడుగు నిండా నీళ్ళు నిండి కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. మునుగుతూ తేలుతూ ఉంటే ఆయన గొంతు వినబడింది, పసిపిల్లని జోకొట్టే గొంతు. "ఏం లేదు బ్రైడీ, ఏం లేదమ్మా, నేనే, నేనే."

లేచి నిలబడి, నోట్లో నీళ్ళు ఊసి, "బ్రైడీ ఎవరు?" అన్నాను. ఆయన చేపను రెండు చేతుల్లో పొదువుకుని నిలబడ్డారు. ముఖం దాని తోకకన్నా ఎర్రగా ఉంది. ఆయన నోట గ్రాండ్ అన్న మాట రాకపోవడం నేను చూసింది అప్పుడొక్కసారే. "బండెక్కు, చెప్తాను" అన్నారు.

బ్రైడీని పీపాలో పెట్టుకుని స్లైగో రోడ్డెక్కాం. అక్కడ మొక్కలమ్మే ఒకాయన అద్దాల షెడ్డులో వెచ్చటి కొలను ఉందట, ఉంచుకుంటానని ఆ వారమే ఒప్పుకున్నారట. నేను ఆయన కోటు కప్పుకుని, సీటంతా తడిపేస్తూ కూర్చున్నాను. చేప ఆయనదే. వేలెడంత ఉన్నప్పుడు తెచ్చుకున్నారు. కట్టుకున్న ఇల్లు బ్యాంకువాళ్ళు తీసుకుంటే భార్యాభర్తలు అత్తగారింటికి మారారు. "మా అత్తగారింట్లో అల్లుడికే చోటు లేదు, చేపకెక్కడిది? చంపుకోలేక, కొన్నాళ్ళు ఉంటుందిలే అని చెరువులో వదిలాను. అంతలో లైను మూసేస్తున్నామన్నారు. ఒక్కణ్ణే దిగి పట్టబోయాను, నా వల్ల కాలేదు. నాదని చెబితే ఉద్యోగం పోతుంది" అన్నారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"మరి నన్నెందుకు ముందుకు తోశారు? నాకు చేపల్లో ఓనమాలు రావు. మీకేమో నేను నిపుణుణ్ణని..."

"నిపుణుడా!" ఆయన అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. "చేరిన రోజున క్యాంటీన్‌లో సూప్ గిన్నె పట్టుకుని, ఇందులో ప్రాణమున్నదేమైనా వేశారా అని వంటావిణ్ణి ఏడిపించావు. అప్పుడే తెలుసు నాకు. అబ్బాయ్, ఆ ప్లాంటులో చేపలు పట్టడం తెలిసినవాళ్ళు కోకొల్లలు. చంపడం చేతకానివాడు నువ్వొక్కడివే. బ్రైడీకి వాడే కావాలి."

మరి నా ఉద్యోగం సంగతేమిటని అడిగాను. ఆయన ఆశ్చర్యంగా చూశారు. "ఉద్యోగమా? చేప గొడవ మొదలవకముందే నిన్ను పక్క లైనుకి అడిగి తీసుకున్నాను. ఇవాళ్టిదాకా చెప్పకూడదన్నారు, అంతే. నువ్వు కొలిస్తే తప్పు రాదు. చేపను గుర్తుపట్టమంటే మాత్రం చలికి తోక ఎర్రబడిందంటావు." ముఖం మీద నీళ్ళు తుడుచుకున్నాను. చెరువు నీళ్ళేలే అనుకుని ఉంటారు. తన ఇల్లు పోయిన రోజుల్లో కూడా ఒక పరాయి దేశపు కుర్రాడి ఇల్లు నిలబెట్టాలని తోచిన మనిషి ఆయన. ఆ రుణం మాటల్లో తీరేది కాదు, తీర్చుకోవాలనీ లేదు. స్లైగోలో బ్రైడీని వదిలితే, ఆకుల నీడన రెండు చుట్లు తిరిగి అడుక్కి వెళ్ళిపోయింది. మాకేమీ వీడ్కోలు చెప్పలేదు.

ఇప్పుడు మేం లిమరిక్‌లో ఉంటున్నాం. ఈ కథ చెబితే మా పిల్లలు తెలుగంతా విని, "దట్స్ గ్యాస్, డాడ్" అంటారు (నవ్వొచ్చే సంగతిని ఇక్కడ అలాగే అంటారు). గ్రాండ్ మామయ్య రిటైరయ్యారు. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తే, బ్రైడీ ఎప్పుడూ తన టకటకకే వస్తుందంటారు. ఆవిణ్ణి పిలిచింది ఇంగువేనని మా ఆవిడ వాదిస్తుంది. నేను ఎటూ చెప్పను. నాకు కనబడేదల్లా, తన కొలతది కాని తొడుగులో జారిపోతూ, ఒక చేత్తో నీళ్ళమీదికి గారె చాచిన ఆ బక్కపలచటి కుర్రాడు. భుజం మీద చెయ్యివేసి, "ఒరేయ్, భయపడకు, నీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు" అని చెప్పాలనిపిస్తుంది. మళ్ళీ వద్దులే అనుకుంటాను. ఆ సంగతి తెలిస్తే వాడు ఆ నీళ్ళలోకి దిగేవాడే కాదు.